బుర్రకథలో జంట వంతలు: మెట్ట కృష్ణా నేపథ్యంలో ఒక పరిశీలన

బుర్రకథ అనగానే ముందు వినిపించేది కథకుడి పేరే. షేక్ నాజర్ పేరు తెలుగునాట చాలామందికి తెలుసు. ఆయనకు అటూ ఇటూ నిలబడి గుమ్మెట వాయించిందెవరంటే మాత్రం తడుముకోవాల్సిందే. కానీ కథను నడిపించే బరువులో సగం ఆ ఇద్దరిదే. కథకుడికి కుడిపక్కన రాజకీయ వంత, ఎడమపక్కన హాస్య వంత. ఒకరు లోకం తీరు మీద వ్యాఖ్యానిస్తారు, ఇంకొకరు నవ్విస్తారు. ఇద్దరూ కలిసి తందాన పలుకుతారు, దరువు వేస్తారు, అడుగు కలుపుతారు. పాట, వాద్యం, హాస్యం కలిసిన తెలుగు జంట ప్రదర్శనకు ఇంతకన్నా పట్టున్న ఉదాహరణ దొరకడం కష్టం. ఈ జంటలో హాస్యం కథకు విరామం మాత్రమే కాదనీ, రాజకీయ వ్యాఖ్యకు దారి తీసేది అదేననీ ఈ వ్యాసం ప్రతిపాదన.

జంగం కథ నుంచి దళం దాకా

బుర్రకథకు మాతృక జంగం కథ. అందులో కథకుడు తంబురా మీటుతూ, వేళ్లకు తొడిగిన అందెలు మోగిస్తూ పాడితే, ఇంటి ఆడవాళ్లు గుమ్మెటలు వాయిస్తూ వంత పలికేవారు. 1942లో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం తొలగింది. మరుసటి ఏడాది బొంబాయిలో ఇప్టా (ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్) పుట్టింది, ఆంధ్రలో ప్రజానాట్యమండలి ఏర్పడింది. కృష్ణా జిల్లాకు చెందిన సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ని బుర్రకథ ప్రక్రియలోనే రాశారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన నాజర్ బెంగాల్ కరువును బుర్రకథగా చెప్పారు.

ఈ మలుపులోనే వంతల పని పెరిగింది. వీరగాథకు శ్రుతి, తాళం అందిస్తే సరిపోయే రోజులు పోయాయి. కథ మధ్యలో ఆపి అడగాలి, ఎద్దేవా చెయ్యాలి, మళ్లీ దరువులో పడాలి. మోటూరి ఉదయం కథకురాలిగా, తాపీ రాజమ్మ, చింతల కోటేశ్వరమ్మ వంతలుగా ఏర్పడ్డ మహిళా దళం ఇదే పనిని ఆడగొంతుతో చేసింది. జంగం కథలో స్త్రీ కుటుంబ వృత్తిలో భాగంగా వంత పాడింది. ఇక్కడ కథ పగ్గాలతో పాటు, నలుగురిలో నవ్వించే హక్కూ ఆమె చేతికొచ్చింది.

సరిహద్దు తాలూకా

ఈ కళకు కృష్ణా మెట్ట అయిన నందిగామ, జగ్గయ్యపేటల ప్రాంతం ఎలాంటి నేలో చూడాలి. డెల్టాలా కాలవ నీళ్లున్న సీమ కాదిది. మునేరు, వైరా, కట్టలేరు పారే పత్తి, మిరప చేల సీమ. అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉన్న జగ్గయ్యపేట దాటి కోదాడ వైపు వెళ్తే నిజాం రాజ్యం ఉండేది. ఆ రాజ్యం మధ్య ద్వీపంలా ఉన్న మునగాల పరగణా మాత్రం నందిగామ తాలూకాలోనే ఉండేది. అక్కడ జమీందారుకు వ్యతిరేకంగా రైతులు దీర్ఘకాలం పోరాడారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాకే ఆ పరగణా నల్లగొండ జిల్లాలో కలిసింది.

దొర, వెట్టి, బేదఖలు అనే మాటలకు ఇక్కడి శ్రోతకు వివరణ అక్కర్లేదు. ఇంకో పక్క కృష్ణ దాటితే పల్నాడు, నాజర్‌కు పేరు తెచ్చిన ‘పల్నాటి యుద్ధం’ కథాస్థలం. అంటే పాత వీరగాథా, కొత్త రైతు కథా రెండూ ఈ తాలూకాకు పొరుగు కథలే. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ల లాంటి చోట గుమిగూడే జనంలో భక్తులూ ఉంటారు, కౌలుదార్లూ ఉంటారు, భూస్వాములూ ఉంటారు. అందరికీ ఒకే కథ చెప్పి ఒప్పించాలంటే రెండు గొంతులు కావాలి.

నవ్వు పని చేసే తీరు

పల్నాటి కథలో కోడిపందెం ఘట్టం తీసుకుందాం. పందెంలో ఓడిన బ్రహ్మనాయుడి పక్షం రాజ్యం వదిలి వలస పోవాలి. అక్కడ వంతలు కల్పించుకునే తీరును చూపడానికి ఒక నమూనా సంభాషణ:

‘ఆగు గురూ! కోడి ఓడితే మనుషులు ఊరొదలాలా?’ అంటాడు హాస్య వంత.

‘పందెం అదే తమ్ముడూ.’

‘అట్టయితే సంక్రాంతి వెళ్లిన మర్నాడు మా ఊళ్లో కోళ్లు తప్ప మనుషులుండరు గదా!’

జనం నవ్వుతుండగానే రాజకీయ వంత అందుకుంటాడు: ‘పందెం కాసేది పెద్దలు, ఊరొదిలేది పేదలు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.’ వెంటనే గుమ్మెటలు, తందాన, మళ్లీ కథ.

ఈ వరసను తిరగేస్తే పని జరగదు. రాజకీయ వంత ముందు మాట్లాడితే అది ఉపన్యాసం. హాస్య వంత అమాయకపు ప్రశ్న వేసి శ్రోతల్ని ఒప్పించాక అదే మాట ఊరి మాటవుతుంది. ఆ తర్వాతి దరువు ఎవరికీ అభ్యంతరం చెప్పే వ్యవధి ఇవ్వదు. కమ్యూనిస్టుల మీద నిర్బంధం సాగిన కాలంలో దీని విలువ ఎక్కువ. సుంకర, వాసిరెడ్డి భాస్కరరావు జంటగా రాసిన ‘మా భూమి’ నాటకాన్ని 1948లో మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అచ్చయిన నాటకంలో తప్పు పట్టడానికి పుటలుంటాయి. వంతల ఛలోక్తి ఊరిని బట్టి, ఎదుట కూర్చున్నవాళ్లని బట్టి అప్పటికప్పుడు పుడుతుంది.

వేదిక మారాక

1953లో గరికపాటి రాజారావు తీసిన ‘పుట్టిల్లు’తో నాజర్ బుర్రకథ వెండితెరకెక్కింది. విజయవాడ ఆకాశవాణి 1948లోనే మొదలైంది. రేడియోలో కుడి ఎడమలు ఉండవు. గెంతు, కనుబొమ్మల విరుపు, ఇద్దరు వంతలూ ఒకరినొకరు చూసుకునే చూపు శ్రోతకు చేరవు. ఆ జంట గొంతులకే పరిమితమైంది. కుటుంబ నియంత్రణ లాంటి ప్రభుత్వ ప్రచారాలకు బుర్రకథను వాడుకోవడం మొదలయ్యాక మరో మార్పు వచ్చింది. కథకు డబ్బిచ్చేది ప్రభుత్వమే అయినప్పుడు రాజకీయ వంత ఎవర్ని నిలదీస్తాడు? అతని వంతు పథకం వివరించడమైంది, హాస్య వంత చేతిలో పొడి జోకులు మిగిలాయి. ఇద్దరూ వేదిక మీద ఉన్నారు గానీ, ఒకరి మాట ఇంకొకరికి దారి వేసే పని ఆగింది.

జంటకు దక్కే గుర్తింపులోనూ తేడా ఉంది. తమిళనాట ఎన్.ఎస్. కృష్ణన్, టి.ఎ. మధురం దంపతులు పాటతో, హాస్యంతో సంస్కరణ భావాలు చెప్పి జంటగా తారలయ్యారు. కృష్ణన్ విల్లుపాటనూ చేపట్టారు. సినిమా ఆ జోడీకి పేరు తెచ్చింది. బుర్రకథ ఆ పని చెయ్యలేదు, దళం కథకుడి పేరుతోనే చలామణీ అయింది. 1986లో పద్మశ్రీ అందుకున్నదీ, అంగడాల వెంకట రమణమూర్తి అక్షరబద్ధం చేసిన ఆత్మకథ ‘పింజారి’ని మనకు మిగిల్చిందీ కథకుడు నాజరే. కాబట్టి వంతల చరిత్ర రాయాలంటే అచ్చయిన కథల ప్రతులు చాలవు. మెట్ట ఊళ్లలో ఆ కథలు విన్న పెద్దవాళ్లను కలిసి ఏ కథ విన్నారో అడగడంతో పాటు, ఎడమ పక్కనున్నవాడు ఏమన్నాడో, దానికి కుడి పక్కనున్నవాడు ఏం కలిపాడో విడివిడిగా అడిగి రాసుకోవాలి.