హార్న్‌కాసిల్ పట్టణపు సొంత పోలీసు దళం: 1838–1857

ఇంగ్లండ్ తూర్పు భాగాన, లింకన్‌షైర్ కౌంటీలో, బెయిన్, వేరింగ్ నదుల సంగమం వద్ద వెలసిన హార్న్‌కాసిల్ అనే చిన్న సంత పట్టణం 1838లో తనకంటూ ఒక పోలీసు దళాన్ని ఏర్పరచుకుని, దాదాపు రెండు దశాబ్దాల పాటు పౌరుల పన్ను సొమ్ముతోనే దాన్ని నడిపింది. 1835 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం పురపాలక హక్కులున్న ‘బరో’ పట్టణాలకు పోలీసులను నియమించుకునే బాధ్యతను అప్పగించింది గాని, హార్న్‌కాసిల్ బరో కాదు. అంతవరకు ఇంగ్లండ్‌లోని ఇలాంటి ఊళ్లలో శాంతిభద్రతల భారం పారిష్ కానిస్టేబుల్‌ది. పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని స్థానిక పాలనా విభాగం. ఏ దుకాణదారుడో, చేతివృత్తివాడో తన పని చేసుకుంటూనే ఏడాదిపాటు జీతం లేకుండా మోయవలసిన ఆ పదవిని తప్పించుకోవడానికి, డబ్బిచ్చి మరొకరిని తమ బదులు నిలబెట్టేవారూ ఉండేవారు.

ఈ లోటును పూడ్చుకోవడానికి హార్న్‌కాసిల్‌కు ఆధారమైనది 1833 నాటి ‘లైటింగ్ అండ్ వాచింగ్’ చట్టం, అంటే వీధి దీపాలకూ కావలికీ సంబంధించిన శాసనం. పన్ను చెల్లించేవారు సభ జరిపి మూడింట రెండు వంతుల మెజారిటీతో అంగీకరిస్తే, తమలో కొందరిని ‘ఇన్‌స్పెక్టర్లు’గా ఎన్నుకునే వీలుండేది. వీరు పోలీసు అధికారులు కారు; కావలివారిని నియమించి, జీతాలిచ్చి, వారి పనిని పర్యవేక్షించే పౌర ప్రతినిధులు. పొలాలపై విధించే రేటుకు మూడు రెట్లు ఇళ్లపైన, కట్టడాలపైన విధించాలని చట్టం నిర్దేశించింది. దీపాలవల్లా కావలివల్లా ఎక్కువ మేలు పొందేది ఇళ్లే గనుక ఈ ఏర్పాటు న్యాయమైనదే.

పట్టణానికి కావలి అవసరం ఎంతగా ఉండేదో ఆగస్టు గుర్రాల సంతను చూస్తే బోధపడుతుంది. దేశంలోనే పేరుమోసిన ఆ సంత రోజుల్లో దూరప్రాంతాల వర్తకులతో, అమ్మకానికి తెచ్చిన గుర్రాలతో వీధులన్నీ కిక్కిరిసేవి, సత్రాలు, సారాయి దుకాణాలు పొంగిపొర్లేవి. ఈ దళంపై బి.జె. డేవీ 1983లో వెలువరించిన పరిశోధన గ్రంథం చూపినట్లు, పోలీసుల దైనందిన శ్రమ ఎక్కువగా తాగుబోతుల అల్లర్లను, వీధి రభసను అదుపు చేయడానికే వెచ్చమైంది. దీన్ని చిల్లర పనిగా కొట్టిపారేయడం సరికాదు. ప్రశాంతమైన వీధి కోసమే ఆ పౌరులు తమపై తామే పన్ను వేసుకున్నారు.

1839 నాటి చట్టం కౌంటీ పోలీసు దళాల ఏర్పాటును ఐచ్ఛికంగా వదిలిపెట్టగా, 1856 నాటి చట్టం ప్రతి కౌంటీకీ దాన్ని తప్పనిసరి చేసి, సమర్థమైన దళాలకు జీతాల, దుస్తుల ఖర్చులో నాలుగో వంతు ప్రభుత్వం భరించేలా ఏర్పాటు చేసింది. దాంతో 1857లో లింకన్‌షైర్ కౌంటీ దళం ఏర్పడి, హార్న్‌కాసిల్ సొంత దళానికి తెరపడింది. హార్న్‌కాసిల్ ప్రజలు పోలీసు పన్ను కడుతూనే ఉన్నా, కానిస్టేబుళ్లను నియమించే, తొలగించే అధికారం మాత్రం కౌంటీ మేజిస్ట్రేట్లు ఎంపిక చేసిన చీఫ్ కానిస్టేబుల్ చేతిలోకి వెళ్లిపోయింది.