శ్రీచిత్ర వైద్యసంస్థ చరిత్రము

కేరళమున తిరువనంతపురమునందు హృద్రోగ చికిత్సకును పరిశోధనకును పేరువడసిన శ్రీచిత్ర తిరునాళ్ వైద్యసంస్థ గలదు. దాని చరిత్రమును సంగ్రహముగా మనవిచేయదలచితిని.

ముందుగా రోగమును గూర్చి రెండు మాటలు. కమ్మరి కొలిమితిత్తిలో చొచ్చిన గాలి వచ్చిన దారినే మరలిపోకుండ తోలుమూత యొకటి అడ్డుపడును. అట్లే మన గుండెయందు రక్తమును ముందునకే పోనిచ్చు మూతలు నాలుగు గలవు. వీనినే కవాటములందురు. బాల్యమున గొంతునొప్పి వచ్చి, తగిన మందు పడనిచో, కొందరికి పిమ్మట కీళ్లవాతపు జ్వరము తగులును. కీళ్ల నొప్పి తగ్గును గాని కవాటము చెడును. ఈ యాపద బీదయిండ్ల బిడ్డలకే యెక్కువ. మిక్కిలి చెడిన కవాటమునకు బదులు కృత్రిమకవాటము నమర్పవలసియుండును. పూర్వ మది విదేశములనుండియే రావలసెను. దాని వెల సామాన్యుల కందకుండెను.

తిరువాన్కూరు కడపటి మహారాజు శ్రీచిత్ర తిరునాళ్ బాలరామవర్మగారు. 1936లో దేవాలయద్వారములను అన్ని కులముల హిందువులకును తెరపించినవారు వీరే. 1973లో ఆ రాజకుటుంబము పెద్దభవనము నొకదానిని ప్రజలకై కేరళప్రభుత్వమునకు దానమిచ్చెను. 1976లో అందు చికిత్స ఆరంభమయ్యెను. పూజప్పురయందలి పాత రాజభవనము వైద్యపరికరముల పరిశోధనకు స్థానమయ్యెను. 1980లో పార్లమెంటు చట్టముచే ఇది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థయయ్యెను.

తొలి యధిపతి, శస్త్రవైద్యులు, డాక్టరు ఎం. ఎస్. వలియతాన్‌గారు స్వదేశీయ కవాటమును నిర్మింప సంకల్పించిరి. గుండెలోని కవాటము ఏటికి 3½ కోట్ల పర్యాయములకు మించి తెరచి మూయవలెను. కావున పని సులభము కాదు. మొదటి నమూనాలో లోహపు అతుకు విరిగెను. రెండవదానిలో నీలమువంటి కఠినమైన బిళ్ల తగిలి లోహపు చట్రము అరిగెను. మూడవదానిని గొఱ్ఱెకు అమర్చిరి; బిళ్ల పగిలి గొఱ్ఱె మరణించెను. అయినను పని మానలేదు. నాలుగవసారి చట్రమును అతుకులేక ఒకే లోహపు దిమ్మనుండి తొలిచి, బిళ్లను గట్టి ప్లాస్టిక్కుతో చేసిరి. పెక్కు పరీక్షల పిమ్మట 1990 డిసెంబరులో దానిని తొలిసారి రోగికి అమర్చిరి. తయారీ చెన్నపట్టణపు టి.టి.కె. సంస్థకు అప్పగింపబడెను. నేటికి లక్షకు మించిన కవాటములు అమర్పబడినవి. వలియతాన్‌గారు 2024లో పరమపదించిరి.

రాజులు భవన మిచ్చిరి; పండితులు ఓర్పుతో విద్య నిచ్చిరి. ఇక మనవంతు కార్యము చిన్నది. పిల్లలకు జ్వరముతో గొంతునొప్పి వచ్చినపుడు ఉపేక్షింపక వైద్యునికి చూపింపుడు. సకాలమున మందు పడినచో పెక్కుమందికి కృత్రిమకవాటముతో పనియే యుండదు.