గలీ ఎవరిది?

కర్నూలు పాతబస్తీలో ఏ ఇంటి దస్తావేజైనా తీసి హద్దులు చదవండి. మూడు దిక్కుల్లో మనుషుల పేర్లుంటాయి. నాలుగో దిక్కున ఒకదాంట్లో "రస్తా" అని, ఇంకోదాంట్లో "ఉమ్మడి సందు" అని, మరోదాంట్లో ఫలానావారి జాగాలో నడక దారి అని ఉంటుంది. కంటికి అన్నీ గలీలే. ఖానూన్‌కు మాత్రం మూడూ వేరు. ఈ ఫరక్ వెనక రెండు జమానాల తారీఖ్ ఉంది.

1839లో కంపెనీవాళ్లు గులాం రసూల్ ఖాన్‌ను గద్దె దించేదాకా కర్నూలు నవాబులది. ఖాజీలు చూసే హనఫీ ఫిఖ్‌లో గలీలు రెండు రకాలు. అటూ ఇటూ తెరిచి ఉన్నది ఆమ్ రాస్తా, అందరిదీ. ఒక కొస మూసుకుపోయింది కూచయె సర్‌బస్తా. అది అందులోకి తలుపులున్న ఇళ్లవాళ్ల షిర్కత్, అంటే ఉమ్మడి సొత్తు. కొత్త తలుపు పెట్టాలన్నా, అరుగు ముందుకు జరపాలన్నా తక్కినవాళ్ల రజామందీ కావాలి. అంతేకాదు, అందులో ఒకరు ఇల్లు అమ్మితే దారిలో భాగమున్న పొరుగువాడికి షుఫా ఉండేది. బయటివాడికన్నా ముందు, అదే ధరకు తాను కొనుక్కునే హఖ్ అన్నమాట. ఇలాంటివాణ్ణి షఫీయె ఖలీత్ అంటారు. మన గలీలోకి కొత్తగా ఎవరొస్తున్నారో తేల్చుకోవడంలో మనకూ ఒక మాట ఉండాలన్నది దాని హిక్మత్.

1870లో మద్రాస్ హైకోర్టు ఈ షుఫాను కొట్టేసింది. అమ్ముకునేవాడి ఆజాదీకి అడ్డం, ఇన్సాఫ్‌కు సరిపడదు, ఈ ప్రెసిడెన్సీలో చెల్లదు అంది. అదే షుఫాను అలహాబాద్ హైకోర్టు మన్నించింది. ఫిఖ్ ఒకటే, కిస్మత్‌లు రెండు. మనం మద్రాస్ కింద ఉన్నాం మరి!

ఆపైన 1882లో ఈజ్‌మెంట్స్ చట్టం వచ్చింది. మొదట అమలైన మూడు ఇలాఖాల్లో మద్రాస్ ఒకటి. ఉర్దూలో దీన్ని ఖానూనె హుఖూఖె ఆసాయిష్ అంటారు. ఆసాయిష్ అంటే సుఖం, వెసులుబాటు. పేరు ఎంత ముద్దుగా ఉందో చూడండి. ఇందులో లెక్క వేరు: నేల ఒకరిది, దాని మీద నడిచే హఖ్ ఇంకొకరిది. 15వ సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు ఖుల్లంఖుల్లా, గొడవా అడ్డూ లేకుండా, హక్కుగా నడిస్తే ఆ దారి మీద హఖ్ ఖాయం. "హక్కుగా" అన్న ఆ ఒక్క లఫ్జ్ దగ్గరే చిక్కు. "భాయ్, మీ జాగాలోంచి పోతాం" అని ఇజాజత్ అడిగి నడిస్తే 40 ఏళ్లయినా హక్కు పుట్టదు, అది వాళ్ల మెహర్బానీ కిందే ఉంటుంది. షరాఫత్‌గా అడిగినవాడు ఓడి, అడగకుండా నడిచినవాడు గెలుస్తాడు. పాతబస్తీ తహజీబ్‌కు ఇంతకన్నా సితం ఉందా? పర్దాను మాత్రం చట్టం పూర్తిగా మరిచిపోలేదు. పొరుగింటి ఆడవాళ్ల మరుగు పోయేలా కొత్త కిటికీ పెట్టకూడదన్న రివాజు ఊళ్లో ఉందని రుజువైతే, 18వ సెక్షన్ దాన్ని కాపాడుతుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2009 అక్టోబర్ సైలాబ్. తుంగభద్ర, హంద్రీ కలిసి పాతబస్తీని ముంచేశాయి. మట్టిమిద్దెలు కూలాయి, కాగితాలు నానిపోయాయి, కొందరు కొత్త కాలనీలకు వెళ్లిపోయారు. చట్టంలో ఇలాంటివాళ్లకు ఒక మీయాద్ ఉంది. ఇల్లు పూర్తిగా నాశనమై దారి హఖ్ పోయినా, 20 ఏళ్లలోపు అదే జాగాలో, పక్కవాడి మీద బరువు పెంచకుండా తిరిగి కట్టుకుంటే అది మళ్లీ జిందా అవుతుందని 51వ సెక్షన్ అంటుంది. ఇల్లు నిలిచే ఉన్నా, 20 ఏళ్లపాటు ఆ దారిన అసలు నడవకపోతే 47వ సెక్షన్ కింద హఖ్ పోతుంది. అంటే సైలాబ్ నాడు ఇల్లు వదిలినవాళ్లకు గడువు 2029 అక్టోబర్.

ఇల్లు నిలిచే ఉండి, అప్పటిదాకా తిరిగి రాలేనివాళ్లకు అదే 47లో ఇంకో వెసులుబాటు ఉంది. ఈ దారి హఖ్ నేను వదులుకోవడం లేదని గడువులోపే ఒక డిక్లరేషన్ రాసి రిజిస్టర్ చేయిస్తే, నడవలేదన్న కారణంతో ఆ తారీఖు నుంచి ఇంకో 20 ఏళ్లు హఖ్ పోదు. దస్తావేజులో "ఉమ్మడి సందు" అని ఉండి, అది నిజంగా మీ అందరి సొత్తే అయితే ఈ మీయాద్ మీకు వర్తించదు. నేలలోనే మీకు హిస్సా ఉంది. కాబట్టి రిజిస్ట్రార్ ఆఫీసుకు పరుగెత్తే ముందు హద్దుల్లో ఆ నాలుగో దిక్కున ఏం రాసుందో చూసుకోండి. అసలు కాగితం నీళ్లపాలైతే సర్టిఫైడ్ నకలు అక్కడే అడగొచ్చు.