మూడేండ్ల ముచ్చట: ట్రిపుల్-ఎ వరల్డ్ సిరీస్

మన ఇండ్లలో ఆటల వ్యాఖ్యానమనగానే క్రికెట్టే చెవిని సోకుతుంది. అమెరికాలో చిరకాలంగా ఆ స్థానం బేస్‌బాల్‌ది. ఆ దేశపు పెద్ద లీగుల పేరు మన శ్రోతలు కొందరైనా వినియుందురు. వాటి కింద మెట్లు మెట్లుగా చిన్న లీగులున్నవి. అందులో పై మెట్టు ట్రిపుల్-ఎ. ఆ మెట్టులో ఎవరు మేటి అని తేల్చుటకు 1998లో పుట్టి, 2000లో ముగిసిన పోటీ ఒకటున్నది. ట్రిపుల్-ఎ వరల్డ్ సిరీస్ అని దానికి గొప్ప పేరే పెట్టినారు.

చిన్న లీగు జట్టుకు పేరు తన ఊరిది. ఆటగాండ్రు మాత్రం ఏదో ఒక పెద్ద క్లబ్బు మనుషులు. జీతమిచ్చేది ఆ క్లబ్బు, పైకి పిలిచేదీ అదే. ఆనాటి నిబంధనల ప్రకారం సెప్టెంబరు 1వ తేదీ నుండి పెద్ద క్లబ్బులు తమ జాబితాను 25 మంది నుండి 40 మంది దాకా పెంచుకొనవచ్చును. చిన్న లీగుల తుది పోటీలు జరిగేదీ ఆ నెలలోనే. ముహూర్తానికి ముందు పెండ్లికొడుకును పట్నం నౌకరీకి రమ్మని తంతి వచ్చినట్లుండేది వ్యవహారం. వెళ్లినవాడు బాధపడేవాడు కాడు. బాధ ఊరివారిది.

ఇటువంటి పోటీ కొత్తదేమీ కాదు. 1904లో బఫెలో, సెయింట్ పాల్ జట్లు తలపడినవి. జూనియర్ వరల్డ్ సిరీస్ అను పేరుతో ప్రసిద్ధమైన ఆ పోటీ ఆగుతూ సాగుతూ 1975 దాకా నడిచినది. 1988 నుండి 1991 వరకు ట్రిపుల్-ఎ క్లాసిక్ అను మరొక ప్రయత్నం జరిగినది. ఇంతలో, 1902లో ఆట ఆరంభించిన అమెరికన్ అసోసియేషన్ అను లీగు 1997తో రద్దయినది. దాని ఎనిమిది జట్లలో ఐదు పసిఫిక్ కోస్ట్ లీగులోను, మూడు ఇంటర్నేషనల్ లీగులోను చేరినవి. మిసిసిపీ నది ఒడ్డున ఉన్న న్యూ ఆర్లియన్స్ నగరం ఆ విధంగా పసిఫిక్ తీరవాసి అయినది! భూగోళ పాఠం చెప్పే ఉపాధ్యాయులు క్షమింతురు గాక.

రెండే లీగులు మిగిలినవి గనుక వాటి విజేతలను ఎదురెదురుగా నిలిపినారు. ఐదు ఆటలలో మూడు గెలిచినవారిది విజయం. వేదిక నెవాడా ఎడారిలోని లాస్ వేగాస్ నగరం, కాష్‌మన్ ఫీల్డ్. ఆ మూడేండ్లలో తలపడిన ఆరు జట్లలో ఒక్కటికీ అది సొంత ఊరు కాదు. వేసవి అంతా తమ జట్టును కనిపెట్టుకొని ఉన్న బఫెలో పౌరుడు తుది ఆట చూడవలెనన్న మూడు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించవలెను. పోటీ అల్పాయుష్షుకు బీజం అక్కడనే పడినదని నా అభిప్రాయం. పండుగ ఒక ఊరిది, పందిరి వేరొక ఊరిలో.

మొదటి ఏడు న్యూ ఆర్లియన్స్, బఫెలోను 3-1 తేడాతో ఓడించినది. ఈ రెండూ అంతకు ముందు ఏటి దాకా అమెరికన్ అసోసియేషన్ జట్లే. కాలం చేసిన లీగు పిల్లలు కొత్త ఇండ్ల పేర్లతో వచ్చి కొట్లాడుకొన్నారన్న మాట. చివరి ఆటలో లాన్స్ బర్క్‌మన్ అను యువకుడు మూడు హోమ్ రన్నులు కొట్టి ఉత్తమ ఆటగాడైనాడు. మరుసటి ఏటనే పెద్ద లీగులో అడుగుపెట్టినాడు.

1999 నాటి కథ మనసును కలచునది. కెనడాలోని వాంకూవర్ జట్టు షార్లెట్ జట్టుతో ఐదు ఆటలూ ఆడి 3-2తో గెలిచినది. గెలిచిన నాటికే ఆ జట్టును శాక్రమెంటోకు తరలించుట నిశ్చయమై ఉన్నది. అక్కడ దానికై కొత్త మైదానం కట్టుచున్నారు. వాంకూవర్ ప్రజలకు విజయవార్త, వీడ్కోలు ఒక్కసారే అందినవి. 2000లో వారి మైదానానికి, పాత పేరుతోనే, చాల మెట్లు కిందనున్న లీగు జట్టు వచ్చినది. పేరు మిగిలినది, మెట్టు పోయినది.

చివరి ఏడు, 2000లో, ఇండియానాపోలిస్ జట్టు మెంఫిస్‌ను 3-1తో గెలిచినది. ఇండియానాపోలిస్, 1902 నాటి అమెరికన్ అసోసియేషన్ మూలసభ్యులలో ఒకటి. మెంఫిస్ పక్షాన ఇరువదేండ్ల ఆల్బర్ట్ పుహోల్స్ ఉన్నాడు. ఆ సంవత్సరం చాల భాగం కింది మెట్లలో ఆడి, చివరి దినాలలో వచ్చి, పసిఫిక్ కోస్ట్ లీగు తుది ఆటను పదమూడవ ఇన్నింగ్సులో హోమ్ రన్నుతో ముగించినవాడతడు. 2022లో విరమించునాటికి పెద్ద లీగులో అతని హోమ్ రన్నులు 703.

ఆ తరువాత ఈ సిరీస్ జరుగలేదు. 2006లో ఓక్లహామా సిటీలో ఒకే ఒక ఆటగా ట్రిపుల్-ఎ తుది పోటీ మరల మొదలైనది. 2022లో అది లాస్ వేగాస్ చేరినది, కాని వేరొక మైదానానికి. కాష్‌మన్ ఫీల్డులోని బేస్‌బాల్ జట్టు 2018 సీజనుతో అక్కడ ఆట చాలించినది. ఆ ఏడే అక్కడ ఫుట్‌బాల్ జట్టొకటి దిగినది.