వీధిబడి అయ్యవారు

మోర్ధానా, గుడియాత్తం ప్రాంతాలకు తెలుగు చదువు నిన్న మొన్న వచ్చినది కాదు. చిత్తూరు ముఖ్యపట్టణంగా ఉండిన నాటి ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది మన సీమ. 1911లో చిత్తూరు వేరు జిల్లా కాగా మనం ఈవల నిలిచిపోయాము. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ పాఠశాలల వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను కోరినప్పుడు, ఈ జిల్లాలో 630 బడులున్నట్లు తేలింది. తమిళ బడులతోపాటు తెలుగు బడులూ వాటిలో ఉన్నాయి.

బడి లోపలి తీరును విపులంగా వ్రాసినవాడు బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్. 1816లోనే తెలుగు వ్యాకరణం ప్రకటించిన పండితుడాయన. ఆయన జిల్లాలో తెలుగు బడులే 226 ఉండేవి. 1823లో ఆయన పంపిన నివేదికను బట్టి మన పల్లె అయ్యవారి దినచర్యనూ కొంత ఊహించవచ్చు.

ఉదయం ఆరు గంటలకే బడి. అందరికన్న ముందు వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవానికి సున్న, అనగా మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి అధికం. సోమరులకు కోదండం: చేతులు త్రాటితో కట్టి కప్పుకు వేలాడదీయడం! ఈ క్రమశిక్షణను మెచ్చుకోవడం నా వల్ల కాదు.

కాని బోధన సంగతి వేరు. పిల్లలు అక్షరాలను వల్లించి కాక, ఇసుకలో వేలితో దిద్ది నేర్చుకొనేవారు. చేయి తిరిగిన తరువాతనే తాటాకూ గంటమూ. ముందు నేర్చినవారు వెనుకవారికి నేర్పేవారు. ఒక్క అయ్యవారు ఇన్ని తరగతులను నెట్టుకొని రాగలిగిన రహస్యం ఇదే. మద్రాసు ఎగ్మూరు అనాథ శరణాలయంలో ఆండ్రూ బెల్ ఈ పద్ధతిని ప్రవేశపెట్టి, 1797లో లండనులో పుస్తకం ప్రకటించగా, అది ఇంగ్లండులో ‘మద్రాసు పద్ధతి’గా వ్యాపించింది. అయితే అర్థం తెలియని పద్యాలను గురుశిష్యులిరువురూ కంఠస్థం చేస్తున్నారని క్యాంబెల్ ఆక్షేపించాడు. అది నేటికీ మనకు కొంత తగులుతుంది!

ఇక అయ్యవారి రాబడి. మన్రో 1826లో వ్రాసినదాని ప్రకారం పిల్లవానికి నెలకు నాలుగు నుండి ఎనిమిది అణాలు. అయ్యవారి సంపాదన ఆరేడు రూపాయలకు మించదు. బళ్లారిలో 533 బడులకు 6,641 మంది విద్యార్థులు, అనగా బడికి పన్నెండు మంది. అందరూ ఎనిమిదేసి అణాలు చెల్లించినా ఆరు రూపాయలే. ఆ 6,641 మందిలో బాలికలు అరవై మంది మాత్రమే.

ఈ అణాలు ఇచ్చేవాడు రైతో, నేతగాడో. ఇంగ్లండు వస్త్రాలు దిగుమతియై చేతివృత్తులవారి రాబడి తగ్గినందున, పిల్లల చేతులు పనికి అవసరమై బడులు మూతపడుతున్నాయని క్యాంబెల్ స్పష్టంగా వ్రాశాడు. పూర్వం బడులున్న అనేక గ్రామాలలో ఇప్పుడు లేవన్నాడు. మగ్గాల ఊరైన గుడియాత్తం వారికి ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు. ఊరు ఎండితే ముందుగా ఎండేది అయ్యవారి పొయ్యి.

తాలూకా బడుల ఉపాధ్యాయునికి సర్కారు నుండి నెలకు తొమ్మిది రూపాయలు ఇవ్వాలని మన్రో ప్రతిపాదించాడు. మరుసటి సంవత్సరమే ఆయన మరణించాడు. ఆ బడులు 1836లో రద్దయ్యాయి.