కోరంగి తీరం: సందర్శకులకు చారిత్రక పరిచయం

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో, తాళ్లరేవు సమీపాన కోరంగి గ్రామం ఉంది. ఇక్కడికి వచ్చే సందర్శకులలో ఎక్కువమంది మడ అడవులను చూసి వెళతారు. 1978లో ఏర్పడిన అభయారణ్యానికి ఈ గ్రామం పేరే పెట్టారు. అయితే 18వ శతాబ్దంలో కోరంగి పేరుపొందిన రేవు, ఓడలు కట్టే కేంద్రం. ఆ రేవు ఎలా క్షీణించిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

కోరంగి ప్రాముఖ్యానికి కారణం గోదావరి. నదిలో తేలుతూ వచ్చిన టేకు దుంగలు ఓడల నిర్మాణానికి ఉపయోగపడ్డాయి. డెల్టా గ్రామాల్లో నేసిన నూలు వస్త్రాల కోసం యానాంలో ఫ్రెంచివారు, ఇంజరంలో ఆంగ్లేయులు, జగన్నాథపురంలో డచ్చివారు స్థావరాలు ఏర్పరచుకున్నారు. 1802లో బ్రిటిష్ నౌకాదళానికి చెందిన ఆల్బట్రాస్ ఓడను మరమ్మతుల కోసం కోరంగి డాకులోకి చేర్చారు.

1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను వచ్చిన ఉప్పెనలు కోరంగిని ముంచెత్తాయి. ఆ తుపానులే రేవును అంతం చేశాయని సాధారణంగా చెబుతారు. ఈ అభిప్రాయాన్ని జాగ్రత్తగా పరిశీలించాలి. 1789 ఉప్పెన తర్వాత 13 ఏళ్లకు కూడా డాకు పనిచేస్తూనే ఉందని పైన చూశాం. 1839లో 3 లక్షల మంది మరణించారన్న అంకె కూడా ఒక చిన్న రేవు పట్టణానికి పొసగదు.

తుపానులు ప్రాణనష్టం, ఆస్తినష్టం కలిగించాయి. కాని రేవుకు శాశ్వత నష్టం కలిగించింది ఒండ్రు. ఏటేటా గోదావరి తెచ్చే మట్టి కోరంగి నదీముఖాన్ని పూడ్చివేయడంతో పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి. అదే నది తెచ్చిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ కాకినాడ అఖాతానికి రక్షణ కల్పించింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, కాలువల మీద పడవల్లో సరకు కాకినాడకు చేరసాగింది. ఈ విధంగా వ్యాపారం అక్కడికి తరలిపోయింది.

రేవు పోయినా దాని పేరు సముద్రం దాటి నిలిచింది. బర్మాకు కూలి పనులకు వెళ్లిన తెలుగువారిని, వారు ఏ ఊరివారైనా, అక్కడ 'కోరంగీలు' అని పిలిచేవారు. కాబట్టి మడ అడవి మధ్య పూడిన పాయను చూసేటప్పుడు, అది ఒకప్పటి ఓడల దారి అని విద్యార్థులు గుర్తించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి
కోరంగి రేవు క్షీణతలో తుపానుల పాత్రను, ఒండ్రు పాత్రను పోల్చి వ్రాయండి.