అతిథులు నేర్పిన విద్య

రేడియో గల యింట 'ప్రోగ్రాము' అనగా ఏమో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఉదయపు భక్తిగీతములు మొదలు రాత్రి వార్తల వఱకు ఏది యెప్పుడు వచ్చునో ముందుగా ఏర్పఱచిన క్రమమే ప్రోగ్రాము. ఈ పత్రికలో పాఠకులు మొట్టమొదట వెదకునదియు నదియే. కంప్యూటరు విషయమునను ఆ మాటకు అర్థము దాదాపు ఇదియే. యంత్రము ఏ పని ముందు చేయవలెనో, ఏది తరువాత చేయవలెనో, ఎచట ఆగవలెనో తెలుపు ఆజ్ఞల వరుసకు ప్రోగ్రామని పేరు. ఆ వరుసను కూర్చు విద్యను నేడు విశ్వవిద్యాలయములలో తొలి సంవత్సరముననే నేర్పుచున్నారు. పలుచోట్ల దానిని నేర్పువారు ఒక సెమిస్టరునకు పిలువబడి, అది ముగియగానే సెలవు తీసికొను అతిథి ఉపన్యాసకులు. ఇది నేటి వింత కాదు. ఈ విద్య మొదటినుండియు అతిథుల చేతులమీదుగనే నడచినది.

1946లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు మూర్ స్కూలులో ఒక వేసవి తరగతి జరిగెను. అది జూలై 8న మొదలై ఆగస్టు 31న ముగిసెను. ఎనియాక్ అను ఎలక్ట్రానిక్ గణనయంత్రము ఆ విద్యాలయముననే నిర్మింపబడి, ఆ యేడు ఫిబ్రవరిలో లోకమునకు చూపబడియుండెను. దాని నిర్మాతలలో ముఖ్యులు ఎకర్టు, మాక్లీ. అయితే తరగతి మొదలగునాటికి వారిరువురును అచట ఉద్యోగులు కారు. పేటెంటు హక్కులను గూర్చి విశ్వవిద్యాలయముతో పొసగక మార్చి నెలలోనే రాజీనామా చేసిరి. తాము కట్టిన యంత్రమును గూర్చి, తాము విడిచిన చోటనే, బయటివారుగా వచ్చి పాఠము చెప్పిరి.

ఆ తరగతికి ఇంగ్లండులోని కేంబ్రిడ్జినుండి మారిస్ విల్క్స్ వచ్చెను. ఓడ దొరకుట ఆలస్యమై ఆయన చివరి రెండు వారములు మాత్రమే వినగలిగెను. విన్నది కొంచెమేయైనను తిరుగు ప్రయాణముననే తన యంత్రమును గూర్చి ఆలోచింప నారంభించెను. 1949 మే 6న ఆయన బృందము నిర్మించిన ఎడ్సాక్ తన తొలి ప్రోగ్రామును నడపి వర్గసంఖ్యల పట్టికను అచ్చొత్తెను. యంత్రము నడచుట ఒక యెత్తు, దానికి తప్పులేని ఆజ్ఞలు వ్రాయుట ఒక యెత్తు. తన శేషజీవితములో మంచి భాగము తన ప్రోగ్రాములలోని తప్పులను వెదకుటకే సరిపోవునని ఆ దినములలోనే తోచినట్లు విల్క్స్ తరువాత చెప్పుకొనెను.

కనుక నేర్పుట అవసరమైనది. 1950నుండి కేంబ్రిడ్జిలో ప్రోగ్రామింగుకై వేసవి తరగతులు నడచినవి. 1951లో విల్క్స్, వీలర్, గిల్ అను మువ్వురు కలిసి ఈ విద్యకు ఒక గ్రంథమును ప్రకటించిరి. ఆ సంవత్సరపు తరగతికే హాలండునుండి డైక్‌స్ట్రా అను 21 ఏండ్ల విద్యార్థి వచ్చి మూడు వారములు చదివి వెళ్ళెను. అనంతరకాలమున ఈ శాస్త్రమునకు పెద్దలైనవారిలో ఆయన యొకడు.

మన దేశమునకు వచ్చిన దారియు నిట్టిదే. ఎనియాక్ నిర్మాణకాలమున పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో గణితము బోధించుచు, మిగిలిన వేళలలో ఆ యంత్రముపై పనిచేసిన వారిలో హ్యారీ హస్కీ ఒకరు. ఆయన తరువాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున బర్క్లీలో ఆచార్యుడయ్యెను. 1959లో స్థాపింపబడిన కాన్పూరు ఐ.ఐ.టి.కి తొమ్మిది అమెరికను విద్యాసంస్థలు 1962నుండి పదేండ్లు తోడ్పడినవి. ఆ యేర్పాటు క్రింద 1963లో హస్కీ కాన్పూరు వచ్చెను. ఆ ఆగస్టులో అచట ఐ.బి.ఎం. 1620 అను యంత్రము నెలకొల్పబడెను. దాని నిర్మాణము విచిత్రమైనది. కూడిక చేయుటకు సైతము అది తన జ్ఞాపకస్థానమందలి పట్టికను చూచుకొనెడిది. ఎక్కములు చూచి లెక్క చేయు బాలుని వలె.

దేశములోని విశ్వవిద్యాలయములనుండి, పరిశోధనశాలలనుండి, కర్మాగారములనుండి వచ్చినవారికి కాన్పూరులో పది దినముల ప్రోగ్రామింగు తరగతులు నడపిరి. నేర్పిన భాష 1957లో వెలువడిన ఫోర్ట్రాన్. ఆజ్ఞ యొక్కింటికి ఒక అట్టకార్డు. కార్డునకు 80 నిలువు గడులు. సున్నకు బదులు దానిని పోలిన 'ఓ' అక్షరము పడినను, ఒక కామా జాఱినను పని చెడును. యంత్రమునకు దాక్షిణ్యము లేదు.

అంతకంటె కష్టము భావమునందు గలదు. 'ఎన్ = ఎన్ + 1' అను పంక్తిని చూచి గణితము తెలిసినవాడే మొదట తెల్లబోవును. ఏ సంఖ్య తనకంటె ఒకటి హెచ్చు కాగలదు? అది సమీకరణము కాదు, ఆజ్ఞ. చిట్టాలో నిన్నటి నిలువకు నేటి జమ కలిపి క్రొత్త నిలువ వేయుట వంటిది. ఈ మాట బల్లమీద ఒకసారి చెప్పినంతమాత్రమున పట్టుపడదు. విద్యార్థి తప్పు వ్రాసి, యంత్రముచే త్రిప్పివేయబడి, ప్రక్కన కూర్చుండిన గురువుతో కలిసి ఆ తప్పును వెదకినపుడు పట్టుపడును.

హస్కీ తన పని ముగించి బర్క్లీకి తిరిగి వెళ్ళెను. 1972లో ఆ సహాయ ప్రణాళికయు ముగిసెను. విద్య మాత్రము పోలేదు. కారణము, నిలిచినవారు ఉండిరి. అమెరికాలో పరిశోధన ముగించి స్వదేశమునకు వచ్చిన వి. రాజారామన్ అట్టివారిలో ఒకరు. కాన్పూరు పాఠముల అనుభవముతో ఆయన వ్రాసిన ప్రోగ్రామింగు గ్రంథము 1969లో వెలువడి, యంత్రమును కంటితో చూడనివారికిని పాఠమైనది. 1978లో కాన్పూరులో కంప్యూటరు శాస్త్రమున బి.టెక్. మొదలయ్యెను.

ఈ చరిత్రలో ఒక భేదమును గమనింపవలెను. హస్కీకి తిరిగి వెళ్ళుటకు సొంత పీఠమున్నది. ఎకర్టు, మాక్లీలకు తాము స్థాపించుకొన్న సంస్థ యున్నది. నేటి అతిథి ఉపన్యాసకునికి పలుమార్లు వచ్చు సెమిస్టరు సంగతియే తెలియదు. విద్యార్థికి సందేహము తోచునాటికి ఆయన అచట ఉండునో లేదో చెప్పలేము.

ప్రసంగములకు అతిథులను పిలుచు మాకు ఇది తెలియని సంగతి కాదు. ప్రసంగకర్త పావుగంట మాటలాడి యింటికి పోవును. శ్రోతల ఉత్తరములు ఆ తరువాత వచ్చును. వానిని విప్పి చదివి, సమాధానము వెదకి వ్రాయువారము కేంద్రమున నిలిచియున్న మేమే. ఆ పని చేయువారే లేకున్న ప్రసంగము గాలిలో కలియును.

అతిథిని పిలుచుట తప్పు కాదు. అతిథులు లేనిచో ఈ విద్యయే మనకు లేదు. గంటకింత యని కట్టు లెక్కలో బల్లవద్ద నిలిచి చెప్పిన గంట చేరును గాని, తప్పు దొరకక దిగులుపడు విద్యార్థి ప్రక్కన కూర్చుండిన గంట చేరదు. ప్రోగ్రామింగు వచ్చునది ఆ రెండవ గంటలోనే. దానిని కూడ లెక్కలో వ్రాసికొన్ననాడు వచ్చిన అతిథికి గౌరవము, నేర్చువానికి విద్య రెండును దక్కును.